సముద్రం ఎన్ని గడ్డెన్నల లోతు?

పేపర్లో వచ్చే ఆ అంకె

జూలైలో నాలుగు వానలు గట్టిగా పడ్డాయంటే జిల్లా పేజీలో ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టిక మొదలవుతుంది. పూర్తిస్థాయి మట్టం శ్రీరాంసాగర్‌కు 1091 అడుగులు, కడెంకు 700 అడుగులు, భైంసా గడ్డెన్న వాగుకు 358.7 మీటర్లు. హోటల్లో చాయ్ తాగుతూ ఆ పట్టిక చదివేవాళ్లలో ఎవరో ఒకరికి అనుమానం రాక మానదు: "మన గడ్డెన్న అంత లోతుందా? ఇదే అంతుంటే సముద్రం ఎంతుండాలె?"

మొదటి ప్రశ్న తేలితే రెండోదానికి దారి దొరుకుతుంది. కాబట్టి దాన్నే ముందు పట్టుకుందాం.

గడ్డెన్న వాగు 358.7 మీటర్లను అడుగుల్లోకి మారిస్తే 1177 అవుతుంది. శ్రీరాంసాగర్ కంటే 86 అడుగులు ఎక్కువ. ఈ అంకెలు లోతులే అయితే, రెండు టీఎంసీలు కూడా పట్టని గడ్డెన్న ఎనభై టీఎంసీలు పట్టే శ్రీరాంసాగర్ కంటే లోతైనదని ఒప్పుకోవాలి. రెండింటినీ చూసినవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. అసలు శ్రీరాంసాగర్‌ను నిలిపే పోచంపాడు ఆనకట్ట ఎత్తే సుమారు 43 మీటర్లు. దాని వెనక వెయ్యి అడుగుల లోతున నీళ్లెలా నిలుస్తాయి?

పేపర్లో వేసేది నీటి లోతు కాదు, సముద్ర మట్టం నుంచి ఆ నీటి పైతలం ఎంత ఎత్తున ఉందన్న లెక్క. గడ్డెన్న ప్రాజెక్టు ఉన్న సుద్దవాగు గోదావరిలోకి దిగాలి గనక గడ్డెన్న మట్టం శ్రీరాంసాగర్ మట్టం కంటే పైన ఉండి తీరాలి. అక్కణ్నుంచి గోదావరి వెంట దిగుతూ పోతే ఆ మెట్లు వరసగా కనిపిస్తాయి. శ్రీరాంసాగర్ 332 మీటర్ల పైన, ఎల్లంపల్లి 148, మేడిగడ్డ 100, పోలవరం 46కు కాస్త తక్కువ. అంతర్వేది దగ్గర సున్నా.

ఆ సున్నాను పట్టుకోవడం మాత్రం అంత సులువు కాలేదు. సముద్రం ఒక్క చోట ఒక్క క్షణం నిలవదు. అల వస్తుంది, పోతుంది. పొద్దున పోటు, మధ్యాహ్నం పాటు. అమావాస్యకూ పున్నమికీ ఒక తీరు, అష్టమికి ఇంకో తీరు. అందుకని రేవుల్లో కొలత యంత్రాలు పెట్టి ఏళ్ల తరబడి రాత్రీ పగలూ నీటి ఎత్తును నమోదు చేసి, ఆ మొత్తానికి సగటు తీశారు. అదే సగటు సముద్ర మట్టం. బ్రిటిష్ కాలంలో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో ఈ లెక్క కట్టి, కొలకర్ర నిలబెడుతూ దుర్భిణిలో చూస్తూ, ఊరి నుంచి ఊరికి ఆ మట్టాన్ని దేశం నడిబొడ్డు దాకా మోసుకొచ్చారు. 1909 నాటికి ఆ మొదటి వల పూర్తయింది. బాసర స్టేషన్‌లో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో కనిపించే ఎత్తు కూడా ఈ లెక్కలోదే.

భైంసాకు తూర్పు తీరమైనా పడమటి తీరమైనా నాలుగు వందల కిలోమీటర్ల పైనే. సముద్రాన్ని ఒక్కసారీ చూడనివాళ్లు ఊళ్లో ఎంతమందైనా ఉంటారు. అయినా గేట్లు ఎత్తాలా వద్దా అని ఇంజనీరు చూసే అంకె సముద్రం దగ్గర మొదలైందే.

కొలకర్రను కిందికి తిప్పితే

సముద్రం అడుగు 3,700 మీటర్లు, 10,900 మీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది. చదువుతాం, తల ఊపుతాం, మనసులో బొమ్మ మాత్రం కట్టదు. చాలా పుస్తకాలు ఇక్కడ ఐఫిల్ టవర్‌నో అమెరికా మేడలనో ఒకదానిమీద ఒకటి పేర్చి చూపిస్తాయి. చూడని సముద్రాన్ని చూడని మేడతో కొలిచి మనకు ఒరిగేదేమిటో నాకర్థం కాదు. మన దగ్గర అంతకంటే మంచి కొలకర్ర ఉంది. సముద్ర మట్టం నుంచి గడ్డెన్న వాగు నిండు మట్టం దాకా ఉన్న 358.7 మీటర్లను ఒక గడ్డెన్న అనుకుందాం. దాన్ని సున్నా దగ్గర పట్టుకుని, పైకి కాకుండా కిందికి వేలాడదీద్దాం.

కాకినాడ దగ్గరో విశాఖ దగ్గరో ఒడ్డు దాటి సముద్రంలోకి పోతే అడుగు వెంటనే పడిపోదు. కొంత దూరం నేల మెల్లగా వాలుతూ పోతుంది. నిజానికి అది మన భూఖండమే, అంచు మీదికి నీళ్లెక్కాయి, అంతే. దీన్ని ఖండపు అరుగు అందాం. కాంటినెంటల్ షెల్ఫ్ అని పాఠ్యపుస్తకాల్లో చదివేది దీన్నే. అరుగు చివరన కూడా లోతు దాదాపు రెండు వందల మీటర్లే. అరుగంతా కలిపినా ఒక్క గడ్డెన్న కాదు, సగానికి కొంచెం పైన. మనం తినే సముద్రపు చేపలో ఎక్కువ భాగం, ఒడ్డు నుంచి కంటికి కనిపించే సముద్రం మొత్తం ఈ సగం గడ్డెన్నలోవే. మొక్కలు బతికేటంత ఎండ దిగేదీ ఇక్కడి దాకానే.

అరుగు దాటాక నేల ఒక్కసారిగా దిగుతుంది. వెయ్యి మీటర్ల దగ్గర, అంటే మూడు గడ్డెన్నలు నిండకముందే, వెలుగు పూర్తిగా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం రోహిణి ఎండ కూడా అక్కడికి దిగదు. ఆ కింద ఉన్నదంతా, సముద్రం పుట్టినప్పటి నుంచీ, చీకటే.

అయిదున్నర గడ్డెన్నల దగ్గర ఒక తెలిసిన పేరు తగులుతుంది. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ గురించి వార్తల్లో వింటుంటాం. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఆర్ క్లస్టర్ అనే క్షేత్రం నుంచి 2020 డిసెంబరులో గ్యాస్ తీయడం మొదలుపెట్టారు. అక్కడ నీళ్లే రెండు వేల మీటర్లకు పైగా లోతు. బావి తవ్వకం మొదలయ్యేదే ఆ అడుగున! మన దగ్గర బోరు వేసేవాడు నేల మీద నిలబడి వేస్తాడు. వాళ్లు పైన ఓడలో ఉండి, అయిదున్నర గడ్డెన్నల నీళ్లలోంచి గొట్టం దింపి, అప్పుడు నేలను ముట్టుకుంటారు.

బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు, అంటే ఏడు గడ్డెన్నలు దాటి. దానిలో అన్నిటికంటే లోతైన చోటు 4,694 మీటర్లు, పదమూడు గడ్డెన్నలు. ప్రపంచ సముద్రాలన్నీ కలిపి సగటు తీస్తే 3,700 మీటర్ల సుమారు, పది గడ్డెన్నలకు కాస్త పైన. టైటానిక్ ఓడ పడి ఉన్నది కూడా దాదాపు ఆ లోతునే, పదిన్నర దగ్గర.

ఇక అన్నిటికంటే లోతు, పసిఫిక్‌లో మరియానా అగాధంలో ఉన్న ఛాలెంజర్ డీప్ అనే గుంట. సుమారు 10,930 మీటర్లు. ముప్ఫై గడ్డెన్నలు, ఆపైన ఇంకో సగం. ఎవరెస్టు 8,849 మీటర్లు గనక ఇరవై అయిదు గడ్డెన్నలు కూడా నిండవు. దాన్ని ఆ గుంటలో పెడితే శిఖరం మీద ఇంకా రెండు కిలోమీటర్ల నీళ్లుంటాయని అందరూ రాసేదే, నేనూ రాశాను.

నాకు దానికంటే వింతగా తోచేది ఇంకొకటి. నేల సగటు ఎత్తు ఎంతనుకుంటున్నారు? హిమాలయాలూ ఆండీస్ పర్వతాలూ అన్నీ కలుపుకుని 840 మీటర్ల దరిదాపు. రెండు గడ్డెన్నలు దాటి, మూడు నిండవు. సముద్రం సగటు పది! పైన మనకు పర్వతాలు కనిపిస్తాయి, కింది గుంటలు కనిపించవు గనక భూమి అంటే ఎత్తులే అనుకుంటాం. కొండలన్నీ చెక్కి సముద్రంలో పోసి భూమిని నున్నగా చదును చేస్తే, మొత్తం భూగోళం మీద 2.6 కిలోమీటర్ల లోతున నీళ్లు నిలుస్తాయి. ఏడు గడ్డెన్నల పైన. ఇవాళ బంగాళాఖాతం సగటు ఎంతో, అంతే లోతు భైంసా బస్టాండు మీద కూడా అన్నమాట.

టీఎంసీల్లో చెప్పమంటారా? ప్రపంచ సముద్రాల్లో ఉన్న నీళ్లు దాదాపు 4,700 కోట్ల టీఎంసీలు. శ్రీరాంసాగర్‌ను 58 కోట్ల సార్లు నింపవచ్చు. ఈ అంకె నాకూ బుర్రకెక్కదు. గడ్డెన్నలే నయం.

తాడు పోయి చప్పుడు వచ్చింది

కంటికి కనిపించని అడుగును ఎవరు కొలిచారు? జాలరులు తాడుకు బరువు కట్టి వదిలి, బారలు లెక్కపెట్టి లోతు చెప్పేవాళ్లు. అరుగు మీద అది సరిపోతుంది. 1872లో ఇంగ్లండు నుంచి ఛాలెంజర్ అనే ఓడ బయలుదేరి దాదాపు మూడున్నరేళ్ల పాటు ప్రపంచమంతా తిరుగుతూ ఇదే పనిని నడిసముద్రంలో చేసింది. 1875 మార్చి 23న మరియానా దీవుల దగ్గర వాళ్ల తాడు 4,475 బారలు దిగింది. మీటర్లలో 8,184, మన లెక్కలో దాదాపు ఇరవై మూడు గడ్డెన్నలు. ఒక్క చోట కొలవాలంటే గంటలు పట్టేది. ప్రవాహం తాడును పక్కకు లాగేది. బరువు అడుగుకు తగిలిందో లేదో చేతికి తెలిసేది కాదు. ఆ మూడున్నరేళ్లలో వాళ్లకు అందిన లోతులు కొన్ని వందలు మాత్రమే. సముద్రం మొత్తానికి అవి ఏ మూలకు?

ఇరవయ్యో శతాబ్దంలో తాడు పోయి చప్పుడు వచ్చింది. ఓడ అడుగు నుంచి చిన్న శబ్దం కిందికి వదులుతారు. అది నేలకు తగిలి తిరిగి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే లోతు తెలిసిపోతుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, సముద్రపు నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. బంగాళాఖాతం సగటు లోతుకు పోయి రావడానికి మూడున్నర సెకన్లు. ప్రపంచ సగటుకు అయిదు. ఛాలెంజర్ డీప్‌కు పద్నాలుగున్నర.

ఇక్కడో చిక్కుంది. నీళ్లు వెచ్చగా ఉంటే శబ్దం వేగం పెరుగుతుంది, చల్లగా ఉంటే తగ్గుతుంది. ఉప్పు ఎక్కువైనా పెరుగుతుంది, లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికీ పెరుగుతుంది. అందుకే ఛాలెంజర్ డీప్ లోతు ఒక్కో సర్వేలో ఒక్కో రకంగా, పది ఇరవై మీటర్ల తేడాతో వస్తుంటుంది. ఎవరైనా దాన్ని మీటరుతో సహా ఇంతేనని ఢంకా బజాయించి చెబితే కొంచెం అనుమానించండి.

ఉపగ్రహాలూ ఒక సాయం చేస్తాయి. నీళ్ల కింద పెద్ద కొండ ఉంటే దాని ఆకర్షణకు నీళ్లు అటు చేరి, పైన సముద్రం కొన్ని మీటర్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఆకాశం నుంచి కొలిచి కింద కొండ ఉందని ఊహిస్తారు. ఈ పద్ధతిలో పెద్ద కొండలే చిక్కుతాయి, చిన్నవి తప్పించుకుంటాయి. శబ్దంతో దగ్గరగా కొలిచిన సముద్రపు నేల ఇప్పటికి మొత్తంలో నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. 2030 నాటికి మిగతాదీ పూర్తి చేయాలని సీబెడ్ 2030 అనే అంతర్జాతీయ ప్రయత్నం నడుస్తోంది. ఆ గడువుకు అవుతుందని నాకైతే నమ్మకం లేదు.

గోరు మీద క్వింటాళ్లు

ముప్ఫై గడ్డెన్నలంటే దాదాపు పదకొండు కిలోమీటర్లు. నిలువుగా ఉన్న ఆ లోతును రోడ్డు మీద పడుకోబెడితే ఎంత? భైంసాలో బాసర బస్సెక్కితే ముధోల్ రాకముందే అయిపోతుంది. టికెట్ తీసుకుని చిల్లర లెక్కపెట్టుకునేలోపు ప్రపంచంలో అతి లోతైన చోటుకు చేరినట్టే. మరి అంత దగ్గరి చోటికి 1960 దాకా మనిషి ఎందుకు పోలేకపోయాడు?

కారణం నీటి బరువు. పది మీటర్లు దిగిన ప్రతిసారీ ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ ఇంకో కిలో బరువు చేరుతుంది. చదరపు సెంటీమీటరంటే సుమారుగా మీ బొటనవేలి గోరంత. ఒక గడ్డెన్న లోతులో ఆ గోరు మీద 36 కిలోలు. ఇక్కడినుంచి కిలోలు వదిలేసి పత్తి మార్కెట్ లెక్కలోకి పోదాం. బంగాళాఖాతం సగటు అడుగున గోరు మీద రెండున్నర క్వింటాళ్లకు పైగా. ప్రపంచ సముద్రాల సగటు అడుగున మూడు ముప్పాతిక. ఛాలెంజర్ డీప్‌లో పదకొండు క్వింటాళ్లు! ఒక్క గోరంత చోట. ఒళ్లంతా ఎన్ని గోళ్ల వెడల్పో మీరే లెక్కేసుకోండి.

మనిషి ఒంట్లో నీళ్లూ ఎముకా ఉన్న చోట ఈ బరువు అంతగా నలపదు. ఊపిరితిత్తుల్లోనూ చెవుల్లోనూ గాలి ఉంటుంది, నలిగేది అది. ఒంట్లో గాలి సంచీ లేని చేప ఎంత లోతునైనా చితికిపోదు. లోపల నీళ్లే, బయట నీళ్లే. జపాన్ దగ్గరి అగాధంలో 8,336 మీటర్ల దగ్గర ఒక నత్తచేప తాపీగా ఈదుతుండగా 2022లో కెమెరాకు చిక్కింది. ఇరవై మూడు గడ్డెన్నల కింద, గోరు మీద ఎనిమిది క్వింటాళ్ల బరువులో, మెత్తని జెల్లీలాంటి ఒంటితో. దాని ముందు ఇనుప ఓడలు కూడా దిగదుడుపే.

మనిషి దిగాలంటే చుట్టూ గాలిని వెంట తీసుకుపోవాలి గనక ఆ గాలి చుట్టూ గోడ కావాలి. గోడకు మూల ఉంటే బరువు మూల దగ్గర పోగై అక్కడ చీలుతుంది. కాబట్టి బాగా లోతుకు దిగే వాహనాల్లో దాదాపు అన్నిటికీ మనుషులు కూర్చునే గది గుండ్రటి బంతే. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు త్రియేస్త్ అనే వాహనం కింద వేలాడే ఇనుప బంతిలో కూర్చుని ఛాలెంజర్ డీప్‌కు దిగారు. దిగడానికి అయిదు గంటలకు కాస్త తక్కువ. ముధోల్ దాకా కూడా లేని దూరం! దారిలో కిటికీ అద్దం ఒకటి పగుళ్లిచ్చింది. అడుగున ఇరవై నిమిషాలుండి వెనక్కొచ్చారు. ఆ తరువాత 52 ఏళ్ల పాటు మళ్లీ ఒక్క మనిషీ అక్కడికి పోలేదు. 2012 మార్చిలో సినిమాలు తీసే జేమ్స్ కామెరాన్ ఒక్కడే పోయాడు. ఈ మధ్యలో చందమామ మీద పన్నెండు మంది నడిచి వచ్చారు.

బంతి ఆకారాన్ని కాదని, గట్టిదని నిరూపణ కాని పదార్థంతో గొట్టంలాగా కట్టిన టైటాన్ అనే వాహనం 2023 జూన్‌లో టైటానిక్ దగ్గరికి దిగుతూ అయిదుగురితో సహా నలిగిపోయింది.

మన దేశం కూడా ఒక బంతిని తయారు చేస్తోంది. పేరు మత్స్య 6000. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పని ఇది. 2021లో కేంద్రం ఆమోదించిన 4,077 కోట్ల రూపాయల లోతు సముద్ర పథకంలో భాగం. లోపలి వెడల్పు 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు, లోహం టైటానియం. ముగ్గురు కూర్చుని ఆరు వేల మీటర్లకు, అంటే పదహారు గడ్డెన్నలు దాటి దిగాలని లక్ష్యం. అక్కడ గోరుకు ఆరు క్వింటాళ్లు. ఆ బంతి మీద నలువైపులా కలిపి పడే బరువు లెక్క కడితే 96 వేల టన్నుల సుమారు వస్తుంది. పన్నెండు గంటలు పని చేసి పైకి రావాలి, ఏదైనా తేడా వస్తే 96 గంటల దాకా లోపలివాళ్లు బతికేటంత ప్రాణవాయువు ఉండాలి. 2025 మొదట్లో చెన్నై దగ్గర కాట్టుపల్లి రేవులో దీన్ని తక్కువ నీళ్లలో ముంచి పరీక్షించారు. అదే ఏడాది ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రెంచి వాహనం నాటీల్‌లో అట్లాంటిక్ సముద్రంలోకి దిగి చూసి వచ్చారు, ఒకరు 4,025 మీటర్లు, మరొకరు 5,002 మీటర్లు.

ఎకరం మడిలో బెత్తెడు నీళ్లు

ఇంత సేపూ లోతు గురించి చెప్పి మిమ్మల్ని బెదరగొట్టాను. ఇప్పుడు రెండో వైపు నుంచి చూద్దాం. బంగాళాఖాతం వెడల్పు, బాగా విశాలంగా ఉన్న చోట, 1,600 కిలోమీటర్లు. సగటు లోతు 2.6 కిలోమీటర్లు. దాన్ని ఒక ఎకరం వరిమడిలోకి కుదించండి. చదరపు మడి అయితే ఒక్కో గట్టు 64 మీటర్లు. ఆ లెక్కన మడిలో నీళ్లు పది సెంటీమీటర్లు. బెత్తెడుకు కాస్త ఎక్కువ, జానెడుకు బాగా తక్కువ. నాటు వేసిన కొత్తలో ఇంతకంటే పెద్ద తేడా ఉండదు. ఛాలెంజర్ డీప్‌ను కూడా ఇదే కొలతలో పెడితే రెండు జానల లోతు గుంట. మత్స్య బంతి, కంటికి ఆనీ ఆనని నలుసు.

సముద్రం అంటే గిన్నెలాంటి గుంట అని బొమ్మల్లో చూసి అలవాటు పడ్డాం. నిజానికది భూమి మీద పరుచుకున్న పలుచటి తడి.

అయితే ఈ మడిలో నీళ్ల కంటే బురదే ఎక్కువ. హిమాలయాలు కరిగి గంగా బ్రహ్మపుత్రలు కోట్ల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున మూడు వేల కిలోమీటర్ల పొడవున విసనకర్రలా పరుచుకుని ఉంది. ఉత్తరాన దాని మందం పదహారు కిలోమీటర్లు దాటుతుంది. మన మడిలో ఉత్తరపు గట్టు దగ్గర కాలు పెడితే నీళ్లు చీలమండ దాకా కూడా రావు, బురదలో మాత్రం మోకాలు దాటి దిగిపోతాం. అంటే బంగాళాఖాతానికి 2,600 మీటర్ల లోతు అన్నప్పుడు ఓడ చప్పుడు తగిలి తిరిగొచ్చేది బురద నెత్తి మీద నుంచి. అసలు రాతి అడుగు ఎంతో కింద ఉంది.

గోదావరి, కృష్ణ, మహానది కూడా తమ వంతు ఒండ్రు పోశాయి. గోదావరి వాటాను ఇప్పుడు ఆనకట్టలు చాలావరకు దారిలోనే పట్టేస్తున్నాయి. ఎక్కడికి పోతోందంటారా? శ్రీరాంసాగర్ కట్టినప్పుడు దాని నిల్వ 112 టీఎంసీలు. ఇప్పుడు పేపర్లో 80.5 వేస్తున్నారు. ఆ తేడా అంతా అడుగున చేరిన పూడికే. సముద్రంలో పరుచుకోవలసిన మట్టి మన సాగునీటి చోటును తినేస్తోంది.

ఆ బురద కింద ఏముందో తెలిస్తే భైంసావాళ్లకు చుట్టం ఎదురుపడ్డట్టుంటుంది. నడిసముద్రపు అడుగు ఎక్కడ చూసినా నల్లరాయే, బసాల్ట్. లోపలి నుంచి కరిగి పైకి వచ్చి గడ్డకట్టిన లావా. భైంసా పత్తి పండే నల్లరేగడి కింద, బావి తవ్వితే సమ్మెటకు లొంగని ఆ నల్లరాయీ బసాల్టే. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొరలు పొరలుగా పొంగిన లావా అది. రెండూ ఒకేసారి పుట్టినవి కావు, ఒకే పొయ్యిలోవీ కావు, జాతి మాత్రం ఒకటే.

ప్రగతినగర్ నుంచి కాపలా

లోతు తెలిస్తే లాభమేమిటని అడగవచ్చు. దానికి జవాబు 2004 డిసెంబరు 26న వచ్చింది. పొద్దున ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగు కదిలింది. రెండున్నర గంటల్లో సునామీ మన తూర్పు తీరాన్ని తాకింది. దేశంలో పది వేల మందికి పైగా పోయారు. భూమి కదిలిందని ఆ రెండున్నర గంటల్లో తీరంలో ఉన్నవాళ్లకు చెప్పే ఏర్పాటు అప్పుడు మనకు లేదు.

సునామీ ఎప్పుడు ఒడ్డుకు చేరుతుందో చెప్పేది సముద్రం లోతే. లోతు ఎక్కువైతే అల వేగం ఎక్కువ. నాలుగు వేల మీటర్ల లోతు మీద అది గంటకు 700 కిలోమీటర్లు పరుగెత్తుతుంది, విమానంతో పోటీ పడ్డట్టే. బంగాళాఖాతం సగటు లోతు మీద 575. అరుగు ఎక్కేసరికి 160కి పడిపోతుంది. పది మీటర్ల లోతుకు వచ్చేసరికి 36, మన ఆటో వేగం. ముందున్న నీళ్లు నెమ్మదించగా వెనక నుంచి వచ్చేవి వాటి మీద పడి గోడలా లేస్తాయి. నడిసముద్రంలో ఉన్న జాలరికి తన పడవ కింది నుంచి సునామీ పోయిన సంగతే తెలియదు, ఊరికి తిరిగొస్తే ఊరుండదు. కాబట్టి ఎక్కడ ఎంత లోతుందో పటం చేతిలో ఉంటే, ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో అల వస్తుందో ముందే లెక్క కట్టి పెట్టుకోవచ్చు.

ఆ లెక్క కట్టేది విశాఖలోనో చెన్నైలోనో కాదు, హైదరాబాద్ ప్రగతినగర్‌లో. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అంటారు, ఉన్నది అక్కడే. సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో అందులో మొదలైంది. బంగాళాఖాతం అడుగున పెట్టిన పీడన యంత్రాలు తమ మీద ఉన్న నీటి బరువును కొలుస్తూ ఉంటాయి. నెత్తిన కిలోమీటర్ల నీళ్లున్నా, పైతలం కొద్ది సెంటీమీటర్లు లేచినా వాటికి తెలిసిపోతుంది. గోరు మీద క్వింటాళ్ల లెక్కే ఇక్కడ ప్రాణాలు కాపాడే పనికొచ్చింది. ఆర్గో అనే తేలుడు యంత్రాలు ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేలు ఉన్నాయి. పది రోజులకొకసారి రెండు వేల మీటర్లు దిగి, అంటే అయిదున్నర గడ్డెన్నలు, పైకి వస్తూ ఎంత చల్లగా ఉందో ఎంత ఉప్పగా ఉందో రాసుకుని ఉపగ్రహానికి చెబుతాయి. వాటిలో మన దేశం వదిలిన వాటి లెక్కలన్నీ చేరేది కూడా ఇన్‌కాయిస్‌కే. ఈ రోజు చేపలు ఎటువైపు దొరకవచ్చో జాలరులకు కబురు పోయేదీ అక్కడినుంచే.

అక్కడ పనిచేయడానికి ఈత రానక్కర్లేదు, పడవెక్కే అలవాటు ఉండనక్కర్లేదు. కావలసింది గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటరు మీద ఓపిక. ఈ మూడూ భైంసా బళ్లలోనూ బాసర ట్రిపుల్ ఐటీలోనూ చదువుకునే పిల్లలకు అందేవే. సముద్రశాస్త్రం తీరంలో పుట్టినవాళ్ల చదువని ఎవరైనా అంటే నమ్మకండి. డిగ్రీ తరువాత ఏం చదవాలని అడిగే పిల్లలుంటే, ఆ జాబితాలో దీన్నీ చేర్చండి.